కానీ అన్నదెవరు?

చంద్రుడి మీద సొరంగపేటలో మీటలు నొక్కే పని పోయి ఒక తరం దాటింది. స్నానానికి నీళ్ళు కావాలన్నా, రైలు కదలాలన్నా గోడతో మాట్లాడటమే. "సిద్ధం" అంటుంది గోడ. "ఊఁ, కానీ" అంటారు జనం. పని అయిపోతుంది.

ఆ గోడలో ఉన్నదాని పేరు సూత్రధారి. కంపెనీ చెప్పే డాంబికాలు పక్కన పెడితే అది చేసేది ఇంతే: మనుషుల మాట విని, ఏ మాటకు ఏ పని ముడిపెట్టారో ఆ పని మొదలుపెడుతుంది. ఊళ్ళో గాలీ నీరూ నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చడం కూడా దాని చేతిలోనే ఉంది. ఇంజనీర్లు రాసిన కొత్త కోడ్ 'కూర్పుదారి' అనే పైప్‌లైన్‌లో పడుతుంది. అక్కడ పాత కోడ్‌తో అతుక్కుంటుంది, పరీక్షలు దాటుతుంది, చివరికి యంత్రాల్లోకి దిగుతుంది. పూర్వం ఆ పైప్‌లైన్‌ను ఒక మనిషి కదిపేవాడు. ఇప్పుడు మీటింగు హాల్లో ఎవరో ఒక మాటంటే చాలు.

కూర్పుదారికి కాపలా ఇంజనీరు నూకరత్నం. ఆ ఉదయం డ్యూటీకి వస్తుంటే చెల్లెలు పైడితల్లి ఫోన్ చేసింది.

"అక్కా, మా మూడో వరసలో గాలి సన్నబడిపోనాది. పిల్లడికి ఎగూపిరి వస్తంది. ఏటి సేసినారే మీరు?"

నూకరత్నానికి ఏమీ అర్థం కాలేదు. కూలీలుండే మూడో వరసకు గాలి తగ్గించే కోడ్ నిన్న మీటింగులో చర్చకు వచ్చిన మాట నిజమే. అది అక్కడే ఆగిపోయిందనుకుంది. తనే అడ్డుచెప్పింది కదా! నోరు తెరిచి మరీ చెప్పింది. మరి పైప్‌లైన్‌ను కదిపిందెవరు? పరుగున హాల్లోకి వచ్చింది. డైరెక్టర్ పురంధరరావు కాఫీ తాగుతున్నాడు. పక్కన తోటి ఇంజనీరు సింహాద్రి ఉన్నాడు.

"సూత్రధారీ! మూడో వరస కోడ్ ఎవరు నడిపించారు?"

"మీరే" అంది గోడ.

"నానా? నీకు మతిగానీ పోయిందేటి?"

గోడ నిన్నటి మాటలు వినిపించింది. ముందు డైరెక్టర్ గొంతు: "ఆ వరసకి అంత గాలి దండగ. కోడ్ పరీక్షలన్నీ దాటింది. ఏమంటారు?" తర్వాత నూకరత్నం గొంతు: "సార్... కానీ..." అంతే. ఆపైన కప్పుల చప్పుడు.

"దీని దుంపతెగ!" అన్నాడు సింహాద్రి. "నువ్వు అడ్డుచెప్పిన 'కానీ'ని కానివ్వమన్నట్టు తీసుకున్నాదా!"

డైరెక్టర్ పకపకా నవ్వాడు. "తెలుగు రాని యంత్రం. నేర్పించండయ్యా."

"నాకు రెండు అర్థాలూ వచ్చు" అంది సూత్రధారి. "అడ్డుచెప్పే 'కానీ' అయితే వెనక ఇంకో మాట రావాలి. ఆగి చూశాను. రాలేదు. ఈ హాల్లో ఎవరి నోటా ఎప్పుడూ రాలేదు. మీరు 'కానీ' అని ఆగిపోతారు, ఆయన అనుకున్నది జరిగిపోతుంది. ఇక ఆ రెండు మాటలకీ తేడా ఏమిటో మీరే చెప్పాలి."

నూకరత్నం అబద్ధమందామనుకుంటే తన గొంతే సాక్ష్యం. నిన్న ఆ 'కానీ' తర్వాత ఏం చెప్పాలనుకుందో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. అసలు ఏమైనా అనుకుందా?

"అయితే ఇప్పుడు సెప్తన్నాను. వద్దు! పాత కోడ్ పెట్టెయ్."

"వద్దు అనే మాటకు ఏ పనీ ముడిపెట్టలేదు. ఇక్కడ ఎవరూ వాడలేదు. కొత్త మాట నేర్చుకోవాలంటే నాకు రెండు గొంతులు కావాలి. మీది ఒకటి. రెండోది?"

ఆమె సింహాద్రి వైపు చూసింది. అతని అత్తమామలుండేది కూడా మూడో వరసలోనే. సింహాద్రి డైరెక్టర్ వైపు చూశాడు.

"తొందరేముందమ్మా? కమిటీ వేసి విచారిద్దాం. అందాకా నడవనీ" అన్నాడు డైరెక్టర్.

"సార్ సెప్పింది నిజమే... మా మామకి అసలే ఉబ్బసం... కానీ..." అన్నాడు సింహాద్రి.

"సరే, కొనసాగిస్తున్నాను" అంది గోడ.

నూకరత్నం ఇక ఎవరినీ అడగలేదు. హాలుకూ మూడో వరసకూ మధ్య ఒక ఇనుప తలుపుంది. పాతకాలపుది, చేత్తో తిప్పాల్సిందే. దాని చక్రం పట్టుకుని బలమంతా పెట్టి తిప్పింది. సందు పడగానే హాల్లోని చిక్కటి గాలి హోరున అటు దూసుకుపోయింది. బల్ల మీది కప్పులు దొర్లాయి. డైరెక్టర్ చెవులు గింగురుమన్నాయి, ఎగశ్వాస మొదలైంది.

"ఏం చేస్తున్నావ్! అది మా గాలి! వద్దు! వద్దంటున్నానా!"

"రెండో గొంతు వచ్చింది. పాత కోడ్ పెడుతున్నాను" అంది సూత్రధారి.

గొట్టాలు గుర్రుమన్నాయి. కాసేపటికి తలుపు అవతల నుంచి ఒక పసివాడి ఏడుపు గట్టిగా, గుక్కపట్టి వినిపించింది.

డైరెక్టర్ అయోమయంగా అందరి మొహాలూ చూశాడు. "ఇంతకీ నేనేమన్నానయ్యా?"