దీపాల వేళ సర్వే

"దొంగలు మీరు! జనాన్ని ప్రశ్న అడగలేదు, ప్రశ్నతో గొంతు పిసికినారు! కోటేసుకుని టీవీలో కూర్చుని దాన్ని ప్రజాభిప్రాయం అంటారా? థూ!"

తిరుపతి బస్టాండు వెనక లాడ్జిలో పొద్దున్నే టీవీ మీద అరుస్తోంది అమల. పుట్టింది చిత్తూరు పక్క పల్లె, పని ఢిల్లీ గూఢచారి శాఖలో. తెర మీద ప్రోమో తిరుగుతోంది: "కొండ మీద వాతావరణ కేంద్రానికి చిత్తూరు జనం జై! సాయంత్రం లైవ్‌లో ఒపీనియన్ పోల్!"

ఫోన్ మోగింది.

"తోతాపురి దిగిందా?" కోడ్ వర్డ్.

"నీలం ఇంకా చెట్టు మీదే."

అవతల చీఫ్ ధనశేఖర్. "విను. అది వాతావరణ కేంద్రం కాదు, విదేశీ ముఠా లిజనింగ్ స్టేషన్. సూళ్లూరుపేట వైపు రాకెట్ లేస్తే ప్రతి సిగ్నల్ పట్టేస్తారు. పోల్ బయటికొస్తే ఉప ఎన్నికలో పార్టీలన్నీ జనం కోరికే అని తలూపుతాయి. కేంద్రం దారికి కొండ కింద తోటలు పోతాయి. ఆపు."

"ఎలా? ఆధారం?"

"లేదు. జనమే సరే అన్నారు. అడిగి తెచ్చింది నువ్వేగా!"

ముఠాలోకి దూరడానికి సర్వే పిల్ల వేషం వేసింది తనే. కొండ కింద తోట సొంత చిన్నమ్మ చెంగమ్మది. మాస్కు, కళ్లద్దాల వెనక తనను గుర్తుపట్టక ఆమె కూడా సరే అనేసింది. ప్రాణం పోయినా తోట వదలని మనిషి! ఎందుకంది?

అమల చేతి గాజులో రికార్డర్ ఉంది. దాన్ని నొక్కింది.

"దేశానికి మేలు చేసే వాతావరణ కేంద్రం వద్దంటారా అమ్మా?" తన గొంతే.

"ఇప్పుడే దీపం పెట్టినాను తల్లీ. ఈ యాళప్పుడు ఆ మాట నా నోట అనిపించద్దు. సరే అని రాసుకో, పో."

దీపం వెలిగాక లేదు, వద్దు అనని ఇళ్లు ఇవి. బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటారు. వద్దు అంటే తప్ప తప్పించుకోలేని ప్రశ్న రాసి, సర్వే పిల్లల్ని సరిగ్గా ఆ వేళకే పల్లెల మీదికి తోలింది పోల్ డైరెక్టర్ సుజన. పట్టుచీర, ఖరీదైన సెంటు, అమల శాఖకూ ముఠాకూ రెండింటికీ సమాచారం అమ్మే డబుల్ ఏజెంట్. శ్రీకాళహస్తి మనిషి. ఈమె చెప్పకుంటే ఈ మర్మం విదేశీ వాడికెలా తెలుస్తుంది?

మధ్యాహ్నానికి బైకు మీద తోటలో వాలింది అమల. మాస్కు లేదు, గాజులో రికార్డర్ నడుస్తోంది.

"చిన్నమ్మా, నీ తోట గుంజుకుని కొండ మీద కేంద్రానికి దారేస్తారంట. ఇస్తావా?"

"ఇచ్చేదా? ఎవురబ్బ సొమ్మని? నా కొడవలి యాడుండాదో సూడు!" అంతలో చెంగమ్మ ఆగిపోయింది. "ఈ గొంతు... ఆ పొద్దు నాతో ఊ కొట్టించింది నువ్వేనా?"

"నేనే."

"అయితే నువ్వే తుడిచిపెట్టు. పో!"

సాయంత్రం. తిరుపతి హోటల్లో లైవ్ సెట్టు. మేకప్ పిల్ల వేషంలో ఆడియో బల్ల దాకా పాకింది అమల. గాజు తీసి కేబుల్ తగిలించబోతుంటే వీపుకు పిస్తోలు ఆనింది.

"నేను అబద్ధం యాడ రాసినానే?" సుజన నవ్వింది. "వాళ్లే సరే అన్నారు."

"రాయలేదులే మేడమ్. అడిగినావు."

అమల చేతిలో పౌడరు డబ్బా సుజన కళ్లల్లో పగిలింది. గుండు సీలింగుకు తగిలింది. యాంకర్ "చిత్తూరు జనం..." అని నోరు తెరిచేలోగా కేబుల్ కూర్చుంది. దీపాల వేళ సరే, పట్టపగలు కొడవలి, చెంగమ్మ రెండు జవాబులూ రాష్ట్రమంతా మోగాయి. యాంకర్ చేతిలో అంకెల కార్డు కిందికి జారింది. పిస్తోలు పేల్చిన సుజనను హోటల్ గార్డులు చేతులు విరిచి పట్టుకున్నారు.

అమల మైకు లాక్కుంది.

"ఈ పోల్ చించెయ్యండి! ఇకమీద అంకె చెప్పే ముందు ప్రశ్న చదవండి, మాట మాటా. ఏ వేళ అడిగారో చెప్పండి. రేపే ఆ పల్లెలకు మళ్లీ పోండి, నీ తోట ఇస్తావా అని నేరుగా అడగండి. పట్టపగలే పోండి. కొంచెం దూరంగా నిలబడండి, కొడవలి మా చిన్నమ్మకు దొరికింది."