మదీనాగూడలో ఆగని రైలు

వాకిట్లో ముగ్గు వేసి రత్నమాల లోపలికి వచ్చేసరికి అత్తగారు బొమ్మల కొలువు ముందు మోకాళ్ల మీద కూర్చుని, మెట్ల మీద పరిచిన తెల్లదుప్పటి అంచు ఎత్తి కిందికి చూస్తోంది.

“ఏం పోయింది అత్తయ్యా?”

“రైలుపెట్టె,” అంది రాజరాజేశ్వరమ్మ. “ఆకుపచ్చది. నిన్న సాయంత్రం ఉంది. ఇప్పుడు లేదు.”

పిల్లి లాక్కెళ్లి ఉంటుందని రత్నమాల సర్దిచెప్పబోయింది. పిల్లికి ఇత్తడి రేకుతో ఏం పనో ఆమెకే తెలియలేదు.

ఆ రైలు మామూలు బొమ్మ కాదు. సోమేశ్వరరావు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేస్తాడు. వెంట్రుకలో సగం తేడా వచ్చినా పట్టేస్తాడని అక్కడ పేరు. కొలువు పెట్టే ఇంట్లో ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేరాలని తల్లి పట్టుపడితే, తెనాలి నుంచి మదీనాగూడకు కాపురం వచ్చిన ఏడాది అతను అలారం గడియారం స్ప్రింగుతో ఇంజను చేసి కొలువు చుట్టూ పట్టాలు వేశాడు. అప్పటినుంచి ప్రతి దసరాకూ ఒక కొత్త పెట్టె చేరుతూ వచ్చింది. ఫోర్‌మన్ పారేయమన్న రేకుముక్కలే తలుపులు, కిటికీలు, చక్రాలు అయ్యేవి.

దసరా సెలవుల్లో సాయంత్రమైతే ఆ ఇంట్లో అందరూ నేలమీదే ఉండేవారు. ఏడో క్లాసు చదివే కూతురు నాగేశ్వరి గార్డు. సోమేశ్వరరావు బోర్లా పడుకుని ఇంజను తాళం తిప్పేవాడు. ఎన్ని చుట్లు తిప్పితే రైలు ఎక్కడ ఆగుతుందో అతనికి లెక్క. ‘తెనాలి’ అని రాసిన చెక్క దగ్గర ఆగాలంటే అక్కడే ఆగేది. ఇంటి యజమాని రాజయ్య, అతని భార్య సీతాబాయి పక్క వాటా నుంచి వచ్చి గుమ్మంలో కూర్చునేవారు. ఈ ఏడు మొదటి రోజు సీతాబాయి నోట్లో శనగలు వేసుకుంటూ ఒక చురక వేసింది.

“ఏంది సారూ, గిన్నేండ్ల సంది తిరుగుతున్నది నీ రైలు. మా ఊర్ల ఒక్కనాడన్న ఆగిందా?”

“మీ ఊళ్లో స్టేషను లేదు కదమ్మా,” అని నవ్వాడు సోమేశ్వరరావు.

అదే చివరి నవ్వు. మర్నాడే ఆకుపచ్చ పెట్టె మాయమైంది.

తర్వాత ఎర్రది పోయింది. ఆ తర్వాత పసుపుది. తెల్లవారేసరికి రైలు ఒక పెట్టె మేర కురచ అయ్యేది. తలుపు తాళం వేసినట్టే ఉండేది. వెండి కుంకుమభరిణె కొలువులోనే ఉంది, దాన్నెవరూ ముట్టుకోలేదు. భరిణె వదిలేసి రేకుపెట్టె ఎత్తుకెళ్లే దొంగ ఎవరో రత్నమాలకు బోధపడలేదు. భర్తకు చెబితే అతను పేపరు మొహం మీదికి లాక్కుని, ఈ రోజుల్లో అచ్చు అలుక్కుపోయి చస్తోందని విసుక్కున్నాడు. పెట్టెల సంగతి ఎత్తలేదు. కొత్త పెట్టె నవమి నాటికి ఇస్తానని తల్లికి మాత్రం మళ్లీ చెప్పాడు.

అత్తగారికి ఇన్ని తికమకలు లేవు. నూతి దగ్గర కోడలితో అననే అనేసింది.

“మన వాటా తాళంచెవి మన దగ్గర ఒకటి, సీతాబాయి దగ్గర ఒకటి. పటాన్‌చెరు నుంచి ఆవిడ మనవడు వచ్చి ఉన్నాడు. రోజూ ఆ రైలు దగ్గరే వాడి చూపంతా. ఇంకెవరిని అడగాలి?”

“మెల్లగా అత్తయ్యా.”

మెల్లగా అనేలోపే అవతల బిందె నేలకు తగిలిన చప్పుడైంది. గోడకు అటువైపు సీతాబాయి నిలబడి ఉంది. మనవణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

ఆ తలుపు చప్పుడు రత్నమాల గుండెలో పడింది. తెలంగాణ గొడవల రోజుల్లో, కోస్తా వాళ్లు కొందరు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంటే, రాజయ్య ఈ వాటా గుమ్మం ముందు మంచం వేసుకుని పడుకున్నాడు. సీతాబాయి వంట చేసి పంపింది. ఏటా బతుకమ్మకు రత్నమాలకు చీరకొంగు సర్ది, పక్కన నిలబెట్టుకుని పాట అందించేది కూడా ఆమే. ఆ సాయంత్రం రత్నమాల పంపిన వాయనం పళ్లెం గుడ్డ తీయకుండానే తిరిగి వచ్చింది. ఈ ఇల్లు పోతే పోనీ, వేరే ఇల్లు దొరుకుతుంది. సీతక్క దొరకదు.

రెండు రోజుల తర్వాత, రాత్రి అంట్లు తోముతూ ఆమె భర్త క్యారియరు కింది గిన్నెలో వేలు పెట్టి ఆగిపోయింది. గిన్నెలో పప్పు వాసన లేదు. టర్పెంటైన్ వాసన వస్తోంది. అంచున ఆవగింజంత పసుపు రంగు.

వారం నుంచి అతను కింది గిన్నె ఖాళీగా ఉంచమంటున్నాడు. ఆకలి తగ్గిందన్నాడు. ఆమె నమ్మింది.

ఇప్పుడు దొంగ తెలిశాడు. కానీ తెలియని ముందుకంటే ఎక్కువ అయోమయం పట్టుకుంది. తన చేతులతో చేసిన పెట్టెల్ని తన ఇంట్లోంచే దొంగిలించడం ఏమిటి? అమ్ముతున్నాడా? ఎవరు కొంటారు? ఎక్కడైనా ఇంకో పిల్లకు ఇస్తున్నాడా? ఆ పిల్ల ఎవరి పిల్ల? ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి ఆమె గిన్నె తోమకుండానే పక్కన పెట్టేసింది. పొరుగింటావిడ మీద నింద పడుతుంటే నోరు మూసుకుని అన్నం తిన్న మనిషిని, పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

అష్టమి ఉదయం. సద్దుల బతుకమ్మ. పెరట్లో సీతాబాయి ముందు తంగేడు, గునుగు పూలు కుప్పలుగా ఉన్నాయి. ఏటా ఆ కుప్ప చుట్టూ రెండు వాటాల ఆడవాళ్లూ కూర్చునేవారు. ఇవాళ ఆమె ఒక్కతే. సోమేశ్వరరావు క్యారియరు సైకిలు హ్యాండిలుకు తగిలిస్తున్నాడు. రాజయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“సారూ, పండుగైనంక ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి. కిరాయి పైసలు వాపస్ ఇస్త. మా ఆడిది మూడు రోజుల సంది అన్నం సక్కగ తింటలేదు.”

సోమేశ్వరరావు క్యారియరు తగిలించేశాడు. హ్యాండిలు పట్టుకుని సైకిలు తిప్పబోయాడు.

రత్నమాల మెట్లు దిగి వచ్చి క్యారియరు లాక్కుంది. అందరి ముందూ, అక్కడే, నేలమీద పెట్టి గిన్నెలు ఒక్కొక్కటే తీసింది. కింది గిన్నెలో గుడ్డ చుట్టిన నీలం పెట్టె ఉంది. ఆ తెల్లవారుజామున కొలువులోంచి మాయమైన పెట్టె.

రాజరాజేశ్వరమ్మ గుమ్మం పట్టుకుంది. సీతాబాయి చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది.

“మిగతావి ఎక్కడున్నాయండీ?” అంది రత్నమాల. “ఎవరికి ఇస్తున్నారు?”

అతను సైకిలు సంచిలోంచి చిన్న మూట తీసి ఆమె చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కటీ సరిగ్గా లేదు. ఆకుపచ్చదానికి కొత్త పైకప్పు వంకరగా అతికి, టంకం ముద్దలు కట్టింది. ఎర్రదానికి కిటికీలు గీత తప్పి కోసుకుపోయాయి. పసుపుదానికి రంగు చెరిపి మళ్లీ వేయబోయి వదిలేశారు. మొదటి రోజు పనిలో చేరిన కుర్రాడు కూడా అలా చేయడు.

“ఈ ఏడు కొత్తది చేయలేకపోయాను,” అన్నాడు సోమేశ్వరరావు. “పాతదే మార్చి కొత్తదని అమ్మ చేతిలో పెడదామనుకున్నాను. మొదటిది పాడైంది. రెండోదైనా కుదురుతుందనుకున్నా. గీత కనబడటం లేదు రత్నా. మైక్రోమీటరు మీద అంకెలు పాకుతున్నాయి. నాన్నకు పోయినట్టే నాకూ కళ్లు పోతున్నాయి.”

కళ్లు అనే మాట ఆ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఎవరూ అనలేదు. తండ్రి సీతారామయ్యకు నడివయసులోనే చూపు పోతే, స్కూలు మాని ఆయన్ని చెయ్యి పట్టుకుని తిప్పినవాడు సోమేశ్వరరావే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి కంట్లో నలక పడినా పైకి చెప్పేవారు కాదు. సూదిలో దారం ఎక్కకపోతే రాజరాజేశ్వరమ్మ మనవరాల్ని పిలిచేది తప్ప, కళ్లజోడు మాట ఎత్తేది కాదు. టూల్‌రూమ్‌లో ఈ సంగతి తెలిస్తే తనను గేటు దగ్గర కూర్చోబెడతారని అతని భయం. ఆ భయానికి పక్కింటి మనిషి పరువు అడ్డం పెట్టాడు.

“ముందే చెప్పాల్సింది,” అన్నాడు సీతాబాయి వైపు తిరిగి. “మీ మాట వచ్చినప్పుడే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు.”

రాజరాజేశ్వరమ్మ మెట్లు దిగి వచ్చింది. కొడుకు గడ్డం పట్టుకుని మొహం రోడ్డు వైపు తిప్పింది. బొంబాయి రోడ్డు మీద లారీ ఒకటి పోతోంది.

“దాని నంబరు చదువు.”

అతను చదివాడు.

“పక్కన ఎవరున్నారు? తల తిప్పకుండా చెప్పు.”

“నాగేశ్వరి. ఇటు రాజయ్యగారు.”

“మీ నాన్నకి ముందు పోయింది ఈ పక్కలేరా,” అంది ఆవిడ. “పక్కన నిలబడితే నేనే కనబడేదాన్ని కాదు. నీకు దగ్గరిది ఒక్కటేగా కనబడనిది?”

రాజయ్య అంతసేపూ కోపంగా చూస్తూనే ఉన్నాడు. అదే కోపంతో లాల్చీ జేబులోంచి తన కళ్లజోడు తీసి సోమేశ్వరరావు ముక్కు మీద పెట్టాడు.

“ముందుగాల ఇది పెట్టుకోని సూడు. లడాయి తర్వాత పెట్టుకుందం.”

సోమేశ్వరరావు చేతిలోని పెట్టె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. వంకర కప్పు, తప్పిన గీత, టంకం ముద్ద, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. తన పని అంత దరిద్రంగా ఉన్నందుకు కళ్లనీళ్లు పెట్టుకుని సంతోషించిన పనివాడు బాలానగర్ మొత్తంలో ఇంకొకడు ఉండడు.

“చత్వారం రా పిచ్చి సన్నాసీ,” అంది తల్లి. “నలభై దాటితే అందరికీ వచ్చేదే. మనం భయపడి ఆ మాటే మరిచిపోయాం.”

అయినా రత్నమాల అతన్ని వదల్లేదు. ఆ పూటే బస్సెక్కించి కంటి దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు తండ్రి సంగతి విని రెండు కళ్లూ శ్రద్ధగా పరీక్షించాడు. చత్వారం తప్ప ఏమీ లేదని, తండ్రికి అలా అయింది కనుక ఏటా ఒకసారి వచ్చి చూపించుకోమని చెప్పి, కళ్లజోడు రాసిచ్చి పంపాడు. వచ్చేదారిలో బస్సులో ఆమె ఒక్క మాటే అంది. ఇంకో పిల్ల ఉందేమో అనుకున్నానని. అతను ముందు నవ్వబోయి, ఆమె మొహం చూసి, చెయ్యి పట్టుకున్నాడు.

వాళ్లు అటు వెళ్లాక, రాజరాజేశ్వరమ్మ పూలకుప్ప దగ్గరికి వెళ్లింది.

“సీతమ్మా, పెద్దదాన్ని. తప్పుగా అన్నాను.”

సీతాబాయి తలెత్తలేదు. గునుగుపూలు కట్ట కడుతూనే ఉంది.

“నీ రైలు డబ్బలు నీ కొడుకు మల్ల జేస్తడు పెద్దమ్మా. నా ఇజ్జత్ ఎవరు తయారు జేస్తరు? మా మనవడు ఇంటికి వోతనని ఏడుస్తున్నడు.”

రాజరాజేశ్వరమ్మ వెళ్లిపోలేదు. మోకాళ్ల నొప్పులతోనే నేలమీద కూర్చుని, తంగేడు పూలు ఏరి, కాడలు సమంగా తుంచి, ఒక్కొక్కటే అందించడం మొదలుపెట్టింది. సీతాబాయి తీసుకోలేదు. పూలు రాజరాజేశ్వరమ్మ ఒళ్లోనే పోగుపడుతూ పోయాయి. ఎండ గోడ దిగి పెరట్లోకి వచ్చింది.

చివరికి సీతాబాయి చెయ్యి చాపింది.

“గది కాదు. గునుగు ఇయ్యి,” అంది.

ఆ సాయంత్రం రత్నమాల బతుకమ్మ ఆటలోకి వస్తే కొంగు సర్దింది సీతాబాయే. ఇల్లు ఖాళీ చేసే మాట రాజయ్య మళ్లీ ఎత్తలేదు. నవమినాడు ఆయుధపూజలో ఆకురాయి, రంపం, కత్తెరల పక్కన కొత్త కళ్లజోడుకూ కుంకుమ బొట్టు పడింది. పూజ అయిన వెంటనే సోమేశ్వరరావు తలుపు వేసుకుని పనిలో కూర్చున్నాడు.

దశమి సాయంత్రం రెండు వాటాల వాళ్లూ కొలువు ముందు చేరారు. నీలం పెట్టె మళ్లీ రైలులో ఉంది. పాడైన పెట్టెలు మాత్రం రాలేదు. వాటి రేకంతా విప్పి అతను ఒక చిన్న ప్లాట్‌ఫారం కట్టాడు. పైన కప్పు, కింద బెంచీ, పక్కన బోర్డు. ఈ ఏటి కొత్త బొమ్మ అదే. సీతాబాయికి చదువు రాదు. బోర్డు మీద ఏముందని మనవణ్ణి అడిగింది.

“మదీనాగూడ,” అని చదివాడు వాడు కూడబలుక్కుని.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

రైలు తాళంచెవి మనవడి చేతికే ఇచ్చారు. ఎన్ని చుట్లు తిప్పాలో సోమేశ్వరరావు చెవిలో చెప్పాడు. నాగేశ్వరి ఈల ఊదింది. రైలు తెనాలి దాటింది, కొలువు వెనక్కి వెళ్లింది, తిరిగి వచ్చింది, వేగం తగ్గింది. అందరూ చూస్తుండగానే రైలు కొత్త స్టేషను ముందుకు వచ్చి, ఆగకుండా, జానెడు దూరం ముందుకు పోయి ఆగింది.

సోమేశ్వరరావు కళ్లజోడు సవరించుకుని తల పట్టుకున్నాడు. మూడు పెట్టెలు తగ్గితే రైలు తేలికై ఇంకాస్త దూరం పోతుందన్న లెక్క మరిచాడు.

“ఫికర్ వద్దు సారూ,” అంది సీతాబాయి. “మా ఊర్ల బస్సు గూడ గట్లనే ముందుకు వోయి ఆగుతది. మేమే ఉరికి ఎక్కుతం.”