అంచనా డెలివరీ తేదీ

మా కుర్చీల వర్క్‌షాపులో ముగ్గురం. బాబాయి చెక్క కోస్తాడు, ఓనర్నైన నేను బిగిస్తాను, అక్క పాలిష్ పెడుతుంది. ఆఫీసు కాగితాలన్నీ కూడా అక్కే చూస్తుంది. ఇప్పుడు అక్కకి తొమ్మిదో నెల. అంటే, ప్రసూతి సెలవు ఫారం నింపాల్సిన మనిషే సెలవు మీద వెళ్తోంది! పెద్ద కంపెనీల్లో ఈ పనికి ఒక అంతస్తే ఉంటుందట. మాకు ఒక స్టూలుంది.

ఆ స్టూలు మీద కూర్చుని ఇరవై రెండు పేజీలు నింపాను. ‘హెచ్.ఆర్. విభాగాధిపతి’ నేనే. ఆయన ‘పై అధికారి’ నేనే. ఆ అధికారి మీద ఫిర్యాదు వినేదీ నేనే.

సెలవుల ఆఫీసు మూడో కౌంటర్లో ఒక అమ్మాయి ఫారం చదివింది.

“అంచనా డెలివరీ తేదీ... ‘ఆర్డరిచ్చిన పదిహేను రోజులకి, ట్రాన్స్‌పోర్ట్ అదనం’. ఏంటండీ ఇది?”

“కస్టమర్లందరికీ అదే చెప్తామండీ.”

“పాపాయిక్కూడానా?”

క్యూ అంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఫారం తిరిగిచ్చేసింది. పెదవి చివర మాత్రం కాస్త వణికింది. నేను చూశాను.

రెండోసారి, ‘యజమానికీ ఉద్యోగికీ సంబంధం’ దగ్గర ‘రోజూ గొడవే’ అని రాశానట. మూడోసారి, అక్క పని ఎవరు చేస్తారంటే ‘దేవుడే దిక్కు’ అన్నానట. నాలుగోసారి ఫారం బదులు మా కుర్చీల కొలతలు ఇచ్చొచ్చాను.

ఐదోసారి బయట జోరు వాన. ఆమె చివరి పేజీ తిప్పింది.

“సంతకం ఏదండీ?”

“అయ్యో! మళ్ళీ రావాలేమో.”

ఆమె తలెత్తింది. “కావాలనే తప్పులు చేస్తున్నారా?”

“మొదటి నాలుగూ నిజమైన తప్పులేనండీ.”

నవ్వుతుందనుకున్నాను.

“ఇవాళ అయిదింటికి గడువు. దాటితే మీ అక్కకి జీతం లేని సెలవే. రెండో పేజీ అడుగున ఉంది, చదవలేదా? ఆవిడ అక్కడ నిండు నెలలతో ఉంటే, మీకు ఆటలుగా ఉందా?”

నా మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. వెంటనే సంతకం పెట్టాను. అయిదుకి పది నిమిషాలుందనగా ముద్ర పడింది.

“ఇక మీరు రానక్కర్లేదు,” అంది. ఆ మాట గుండెలో గుచ్చుకుంది.

విషయం విని అక్క చేతిలోని గరుకు కాగితం నా మీదకి విసిరింది. “నా సెలవు మీద నీకు పెళ్ళిచూపులా? వెళ్ళి క్షమాపణ అడుగు. రాసివ్వు, వాళ్ళకి అదే అర్థమవుతుంది.”

రాశాను. ‘తప్పు నాదే. మిమ్మల్ని చూడకుండా ఉండలేక చేశాను. మీరంటే నాకు ప్రాణం. జతపరచినవి: ఏమీ లేవు.’

మర్నాడు ఆమె అది రెండుసార్లు చదివింది. ఎర్ర సిరాతో ఏదో రాసి, మడిచి ఇచ్చింది. వానలో, బస్టాపులో విప్పాను.

‘అభ్యంతరాలు: ఒకటి, సంతకం మళ్ళీ లేదు. రెండు, పెద్దల అంగీకారం జతచేయలేదు. సరిచేసి ఆదివారం మా ఇంట్లో స్వయంగా సమర్పించవలెను. పెళ్ళి తేదీ దగ్గర “ట్రాన్స్‌పోర్ట్ అదనం” అని రాయరాదు.’

తడుస్తూ పరుగెత్తాను. బాబాయి ఉన్నా, మా ఇంటికి పెద్దదిక్కు అక్కే. అక్క స్టూలు మీద సర్దుకుని కూర్చుని, పొట్ట మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. కింద హోదా కూడా రాసింది.

‘పై అధికారి.’