మొదటి ఖర్జూరం

మా ఇంటాయన పోయినాక అక్షరాలు నేర్చాను. తప్పులుంటే మన్నించాలి. నేను నిదానంగా రాశాను, మీరు జల్దీ చదవండి.

మేడ్చల్‌లో ఒక హోటల్లో ఏజెంట్ సుధాకర్ రెండు ముద్దలు తిని కూలిపోయాడు. మూడో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతని పార్ట్‌నర్ ఆతియాకు ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ చెయ్యే కనిపిస్తుంది.

చీఫ్ భిక్షం బ్రీఫింగ్ చిన్నది.

"తిండి పడంగనే పేగులు హార్మోన్ వదుల్తయి. అది రక్తనాళాల లోపలి పొరకు సిగ్నల్. పొర నాళాన్ని సడలిస్తది. ఫారిన్ గ్యాంగ్ మందు గా సిగ్నల్‌ను ఉల్టా చేస్తది. నాళం బిగుసుకుంటది. మందు ఎక్కేటానికి నాలుగు గంటలు. అటెన్క ఏం తిన్నా ఖతం. టార్గెట్, శామీర్‌పేట ల్యాబ్ సైంటిస్ట్ వహాబ్. తెల్లారకముందు తినే సహరీలనే లస్సీల కలిపిన్రు."

"ఆయన రోజా ఉపాసమున్నడు సార్," అంది ఆతియా.

"అందుకే బతికున్నడు. విరుగుడు ఇంజెక్షన్ పెన్ను ఒక్కటే ఉన్నది. పో!"

పండ్లమ్మే మనిషి వేషంలో ఆతియా లాల్‌గడి మలక్‌పేట్‌లో వహాబ్ ఇంటికి చేరేసరికి ఉపవాసం విడిచే మసీదు సైరన్ మోగింది. ఇంట్లో తిండికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు వహాబ్, అతని తల్లి రహీమా, అసిస్టెంట్ ఫిజా. ఫిజా అందగత్తె, డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్. గ్యాంగ్‌కూ పనిచేస్తుందని ఆతియాకు దారిలోనే తెలిసింది.

"వహాబ్ భాయ్, తినకుండ్రి! సహరీల మీ లస్సీల విషం కలిపింది గీమె!"

వహాబ్ చేతిలో ఖర్జూరం ఆగింది. రహీమా తెల్లబోయింది.

"వీని లస్సీనా? దాంట్ల మలాయి ఎక్కువుండె బేటీ. సహరీకి ఇంటికొచ్చిన మెహమాన్ కదా అని, ఫిజా వజూకు కాళ్లుచేతులు కడుగవోయినప్పుడు గ్లాసులు మార్చిన."

ఫిజా అప్పటికే ఖర్జూరం మింగేసింది.

ఆమె పెదవులు నీలమయ్యాయి. చెయ్యి గొంతు దగ్గరికి పోయి ఆగింది. సరిగ్గా సుధాకర్ చెయ్యి లాగే. ఆతియా పెన్ను పట్టుకుని నిలబడింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

చివరి సెకనులో సూది దిగింది.

ఫిజా ఊపిరి తిరిగొచ్చింది. "నన్నెందుకు బతికించినవ్?"

"చచ్చినోళ్లు వాంగ్మూలం ఇయ్యరు," బేడీలు వేస్తూ అంది ఆతియా. "ఒకాయన రోజూ నా చెవిల చెప్తనే ఉంటడు గానీ, కోర్టు ఒప్పుకోదు."

ఇది రాసింది ఈదమ్మ, అరవై నాలుగేండ్లు, ఇప్పుడు ఉండేది తూంకుంట.