రెక్కలోడి అమ్మ చేతి గరిటె

"అది గరిటె కాదవ్వా, తుపాకీ," అంది అఖిల.

మిర్చి బజ్జీలు తిప్పుతున్న వసంతమ్మ చెయ్యి ఆగింది. బండి చుట్టూ కూర్చున్న పిల్లలు కూడా తినడం ఆపారు.

కనకమామిడి స్టేజీ దగ్గర బడి బస్సు దిగిన పిల్లలు తిన్నగా ఇళ్లకు పోరు. ముందు అవ్వ బండి దగ్గరికి పోతారు. వసంతమ్మ అఖిలకు నాయనమ్మ. మిగతా పిల్లలకు ఏ వరసా కాకపోయినా అందరికీ అవ్వే. బజ్జీలు ఒక సాకు. అసలు పని రెక్కలోడి కథ వినడం.

ఫాంహౌస్‌లకు వచ్చే సిటీ పిల్లలు ఇంగ్లీషు కామిక్స్ చదివి అక్కడే పడేసి పోతారు. పాత పేపర్లు కొనే సైదులు వాటిని మిగతా కాగితాలతో కలిపి అవ్వకు అమ్ముతాడు, బజ్జీలు కట్టివ్వడానికి. కానీ రాగి రంగు రెక్కలున్న మనిషి బొమ్మ కనిపిస్తే అవ్వ ఆ కాగితాన్ని వాడదు. పక్కకు తీసి బిస్కెట్ల రేకు డబ్బాలో దాస్తుంది. చిన్నప్పుడు వాళ్ల బాపు కాపలా ఉన్న తోటలో మొదటిసారి ఆ బొమ్మ చూసిందట. అప్పటి నుంచి ఆమె ఇష్టాలు మారలేదు. రెక్కలోడు, చాయ్‌లో ముంచిన నారింజ క్రీమ్ బిస్కెట్, వేళ్లకు తొడుక్కుని ఒక్కొక్కటే కొరికే పసుపు గొట్టాలు. అరవై దాటిన మనిషి వేళ్లకు గొట్టాలు తొడుక్కుంటే జనం నవ్వుతారు. నవ్వనీ, వాళ్ల పళ్లు వాళ్లిష్టం.

అవ్వకు చదువు రాదు. బొమ్మలు చూసి కథ చెబుతుంది. ఆమె కథలో రెక్కలోడు ఒట్టి మొండోడు. లోకాన్ని కాపాడతానని అన్నం తినకుండా ఎగిరిపోతుంటాడు. కిటికీ దగ్గర నిలబడ్డ ముసలామె వాడి అమ్మ. గరిటె పట్టుకుని వెంటపడుతుంది.

అఖిలది ఐదో తరగతి. ఈమధ్యే ఇంగ్లీషు గడగడా చదవడం వచ్చింది. ఆ రోజు క్లాసులో శిరీష టీచర్ ఆమెకు అందరి చేత చప్పట్లు కొట్టించింది. ఆ చప్పట్లు ఇంకా అఖిల చెవుల్లోనే ఉన్నాయి.

"ఆమె వాళ్లమ్మ గూడ కాదు," అంది అఖిల, కాగితం మీద వేలు పెట్టి. "డాక్టర్ రస్ట్. విలన్. వీని పేరు రెక్కలోడు కాదు, కెప్టెన్ ఆల్టిట్యూడ్. ఇగో, ఈడ రాసున్నది."

"ఆల్టి... ఏంది?" అన్నాడు రాకేష్. నాలుక తిరగక వదిలేశాడు. "అంటే అవ్వ ఇన్ని దినాలు మనకు ఉత్తుత్త కథలు చెప్పిందా?"

పిల్లలు నవ్వారు. అఖిల కూడా నవ్వింది. అందరికంటే కొంచెం ఎక్కువే నవ్వింది.

"సదువొచ్చిన బిడ్డవు. నువ్వు చెప్పిందే నిజం," అని అవ్వ బజ్జీల వైపు తిరిగింది. ఆ సాయంత్రం కథ అక్కడితో ఆగిపోయింది.

మరునాడు అఖిల బస్సు దిగేసరికి, ముందు దిగిన అశ్విని అప్పటికే బండి దగ్గర బజ్జీ తింటోంది. ఆమె చేతిలోని కాగితం నూనెతో తడిసిపోయింది. తడిసిన చోట రాగి రంగు రెక్క కనిపించింది.

అఖిల బండి దగ్గరికి ఉరికింది.

"అవ్వా, రెక్కలోడి కాయితంల కట్టిచ్చినవేంది?"

"కట్టిస్తే ఏమైతది?" అంది అవ్వ. కోపంగా అనలేదు. ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పినట్టు మామూలుగా అంది. "నేను చెప్పేది వాని కథ కాదంటివి. వాని కథేమో నాకు సదువరాదు. ఇంక దాసుకొని ఏం జేస్త?"

రేకు డబ్బా మూత తీసి ఉంది. అప్పటికే సగం ఖాళీ.

అఖిలకు సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఈ లెక్కన రేపటికి డబ్బా మొత్తం ఖాళీ అవుతుంది. తర్వాత కావాలన్నా అవ్వ చెప్పడానికి ఏ బొమ్మా ఉండదు.

"జర ఆగవ్వా. నేను చదివి చెప్త," అని మిగిలిన కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. పిల్లలు చుట్టూ చేరారు.

ఒక్క మాట కూడా వదలకుండా చదివింది. 'నీ కుట్ర సాగదు' అన్నాడు కెప్టెన్. 'నువ్వు ఆలస్యంగా వచ్చావు' అంది డాక్టర్. మళ్లీ కెప్టెన్ ఏదో అన్నాడు. రాకేష్ ఆవులించాడు. చివరి కాగితం కింద 'మిగతాది వచ్చే నెల' అని ఉంది.

"వచ్చే నెలంటే ఎప్పుడు?" అని అడిగింది అశ్విని.

"అది ఎప్పుడో అయిపోయింది. ఆ పుస్తకం మన దగ్గర లేదు."

పిల్లలు ఒక్కొక్కరే లేచారు. రాకేష్ మాత్రం అవ్వ దగ్గరికి వెళ్లాడు. "నువ్వే చెప్పరాదు అవ్వా."

"నా దగ్గరేమున్నది బిడ్డా? చదివినోళ్లను అడుగు," అంది అవ్వ, శెనగపిండి కలుపుతూ.

వాడూ వెళ్లిపోయాడు.

అఖిల బండి చుట్టూ తిరిగి, పిల్లలు పారేసిన కాగితాలు ఏరింది. మట్టి దులిపి, పాత న్యూస్ పేపర్ మధ్య పెట్టి ఒత్తి నూనె తీసింది. రెక్కలు మసకబారాయి కానీ ఇంకా రెక్కల్లాగే ఉన్నాయి. అన్నింటినీ డబ్బాలో పెట్టి మూత వేసింది. అవ్వ చూసింది.

"తప్పయింది అవ్వా."

"చదివిందే చెప్పినవు. అబద్ధమేం ఆడలేదు గదా."

"అందరి ముంగట నవ్విన. నిన్ను చూసి నవ్విన." అఖిల కళ్లు తుడుచుకుంది. "పుస్తకంల తుపాకే ఉన్నది. అయినా నాకు గరిటె కథే కావాలె. రెక్కలోడు అన్నం తిన్నడా, లేదా?"

అవ్వ పొయ్యి మంట తగ్గించింది. చేతులు కడుక్కుంది. పసుపు గొట్టాల ప్యాకెట్ చింపి ఐదు వేళ్లకు తొడుక్కుని, ఆ చెయ్యి మనవరాలి ముందు పెట్టింది. అఖిల చిటికెన వేలి మీదిది తీసుకుంది.

"యాడ తిన్నడు?" అంది అవ్వ. "ఇంటి మీదనే చక్కర్లు కొడుతున్నడు. వాళ్లమ్మ తక్కువదా? పొయ్యి మీద సర్వపిండి పెట్టింది. ఆ వాసనకు వాని రెక్కలు వాటంతట అవే కిందికి దిగినయి."

తర్వాతి సాయంత్రానికి పిల్లలందరూ మళ్లీ వచ్చారు. అవ్వ మళ్లీ కథ చెబుతోందని అఖిల రాకేష్‌కు చెప్పింది. కబురు వాడు మోశాడు, వాడికి ఇంకేం పని.

ఆదివారం బండి ముందు ఒక కారు ఆగింది. జన్వాడ ఫాంహౌస్‌కు పోతున్న వాళ్లు. కళ్లద్దాల అమ్మాయి ఒకతి దిగి, వాళ్ల నాన్న బజ్జీలు చెబుతుంటే డబ్బా వైపు వచ్చింది. అప్పుడే అవ్వ ముసలామె బొమ్మ చూపిస్తూ, "ఇగ వాళ్లమ్మ గరిటె అందుకున్నది," అంటోంది.

"ఆమె అమ్మ కాదు," అంది ఆ అమ్మాయి. "డాక్టర్ రస్ట్. ఈ సిరీస్ మొత్తం నేను చదివాను."

అవ్వ చెయ్యి గాలిలోనే ఆగింది. రాకేష్ నవ్వబోయి అఖిల వైపు చూశాడు.

అఖిల బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"నాకు తెలుసు. పుస్తకంల గట్లనే ఉన్నది. గిది మా అవ్వ కథ, ఏ పుస్తకంల దొరకదు. కూసొని విను."

ఆ అమ్మాయి వాళ్ల నాన్న వైపు చూసి, కూర్చుంది. కారు వాళ్ల బజ్జీలు అవ్వ మామూలు న్యూస్ పేపర్‌లో కట్టిచ్చి, కథ ఆపిన చోటు నుంచి అందుకుంది. రెక్కలోడు కిందికి దిగి సర్వపిండి తినేదాకా వచ్చింది.

వాళ్ల నాన్న కారు హారన్ కొట్టాడు. ఆ అమ్మాయి లేవలేదు.

"సర్వపిండి అంతా వాడొక్కడే తిన్నాడా? వాళ్లమ్మకేం మిగల్లేదా?" అని అడిగింది.

అవ్వ డబ్బాలోంచి ఇంకో కాగితం తీసింది.