పుస్తకంలో ఎక్కిన వయసు

రూతు సంచి సర్దుతోంది. బడి తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఉప్పల్ చౌరస్తాలో కొన్న ఎర్ర సంచి అది. పలక, బలపాల డబ్బా, చిన్న స్టీలు గిన్నె, మూతి తుడుచుకునే గుడ్డ, తడుపుకుంటే మార్చడానికి ఒక పాత గౌను. ఒక్కొక్కటే లోపల పెట్టి, కుదరలేదనుకుందో ఏమో, అన్నీ బయటికి తీసి మళ్లీ వరసగా పెడుతోంది. పక్కనే కూర్చున్న ఎల్సీ, తల్లి పెట్టిన బలపం ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది.

గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్న దానమ్మ చూపు బియ్యం మీద లేదు.

"బట్టలు తడుపుకునే పొల్లను బడికి తోలుతరా ఎవలన్నా?" అంది.

"తడుపుకుంటే ఆయమ్మ మారుస్తది అత్తమ్మా. అందుకే గౌను పెడుతున్న."

"ఆయమ్మ ఎంతమందికని మారుస్తది? ఆమెకు ఎన్ని చేతులు?"

"నీకున్నన్నే. నీ రెండు చేతులతోని నువ్వేం జేస్తున్నవో నాకు ఎరుకే." రూతు కూతురి కాలు పట్టుకుని ముందుకు లాగింది. కుడి చీలమండ చుట్టూ ఎర్రగా కమిలిన గీత ఉంది. "ఇది ఎవలు జేసిన్రు? ఆయమ్మనా?"

దానమ్మ తల దించుకుంది. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగు పనికి రూతు పొద్దున్నే వెళ్లిపోతుంది. ఆమె భర్త పౌలుకి ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇంట్లో మిగిలేది నాయనమ్మా, మనవరాలూ. దానమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నా, స్నానానికి వెళ్లినా, పాత చీర చింపిన పీలికతో ఎల్సీ కాలిని మంచం కోడుకి కట్టేస్తుంది. వాకిలి దాటితే రోడ్డు. రోడ్డు మీద లారీలు. మొదట్లో స్నానమంతసేపే కట్టేది. ఈమధ్య రూతు ఎప్పుడు ఇంటికి తిరిగొచ్చినా పిల్ల మంచం కోడు దగ్గరే కనబడుతోంది.

"నా కండ్ల ముందలుంటదని కట్టిన," అంది దానమ్మ సన్నగా.

"మేకపిల్లనా అది, కట్టేయనీకి? కాన్వెంటుల పొద్దుందాక పదిమంది పిల్లలతోని ఆడుకుంటది. రెండు ముక్కలొస్తయి." రూతు సంచి మూతి బిగించింది. "రేపు ఆరాధన అయినంక అయ్యగారు నిన్ను పిలుస్తరు. చెప్పిన మాట యాదికున్నది కదా?"

దానమ్మ బియ్యంలోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

"క్రిస్మస్‌కు ముందల పుట్టిందని చెప్పు. ఎనబై నాలుగు. గంతే. తొమ్మిది నెలలు అటో ఇటో అయితే ఎవలి కొంప మునుగుతది?"

చాటలో బియ్యం మీద దానమ్మ చెయ్యి ఆగిపోయింది.

అసలు సంగతి ఆ తొమ్మిది నెలల్లోనే ఉంది. కాన్వెంటు వాళ్లు ఎల్.కె.జి.కి మూడున్నరేళ్లు నిండాలన్నారు. ఎల్సీకి ఇంకా మూడు కూడా నిండలేదు. రూతు పుట్టింట్లో, మేడిపల్లిలో, మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్ల కాబట్టి దవాఖానా కాగితమేదీ లేదు. ఉన్నదల్లా చర్చి వాళ్లిచ్చే బాప్తిస్మం కాగితమే. ఇంట్లో కాన్పయిన పిల్లలకి పుట్టిన తేదీ పాస్టరు అయ్యగారు తల్లిదండ్రుల మాట మీద రాయరు. పురుడు దగ్గరున్న తన చర్చి పెద్దామె వచ్చి, బాప్తిస్మాల పుస్తకం మీద చెయ్యి పెట్టి చెబితేనే రాస్తారు. ఎల్సీ పుట్టినప్పుడు దానమ్మ పక్కనే ఉంది గానీ, బాప్తిస్మం నాడు నాట్లకని ఊరికి వెళ్లి ఉంది. ఎల్సీ పేరు పక్కన ఆ గడి అలాగే ఖాళీగా మిగిలిపోయింది.

రాత్రి షిఫ్టు చేసి వచ్చి చాయ్ తాగుతున్న పౌలు అత్తాకోడళ్లని మార్చి మార్చి చూశాడు. "జర ఊకోరాదే ఇద్దరు. అమ్మా, ఒక్క మాటేనాయె. చెప్పరాదు? మళ్లా వచ్చే ఏడు సీటు దొరుకుతదో లేదో."

"చెప్త తియ్యి," అంది దానమ్మ.

మరునాడు ఆరాధన అయ్యాక అయ్యగారు చర్చి వరండాలో బల్ల వేయించుకుని కూర్చున్నారు. నల్ల అట్ట పుస్తకం తెరిచి, ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టారు.

"దానమ్మా, నీ మనవరాలు పుట్టిన తేదీ చెప్పమ్మా."

దానమ్మ పుస్తకం మీద చెయ్యి పెట్టింది. ఆమె బడి మొహం చూసింది లేదు. చిన్నప్పుడు ఆదివారపు బడి కిటికీ బయట నిలబడి, పుల్లతో మట్టిలో గీసుకుంటూ అక్షరాలు నేర్చుకుంది. పొట్లాం కాగితాలు చదివి, గోడల మీది రాతలు చదివి, బైబిలు చదివేదాకా వచ్చింది. అందుకే ఆ పుస్తకంలో పై పేర్లూ కింది పేర్లూ ఆమెకి ఇట్టే కనబడుతున్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక తేదీ. ఎవరో ఒక పెద్దామె చెప్పినది.

వెనకనించి రూతు చిన్నగా దగ్గింది.

"ఎనబై అయిదు," అంది దానమ్మ. "సెప్టెంబరు. పదకొండో తారీకు. బుధవారం, పొద్దు గూకంగ."

అయ్యగారు రాసుకున్నారు. సిరా ఆరడానికి కాగితం మీద ఊదారు. రూతు ఎల్సీని చంకనేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

దానమ్మ ఇల్లు చేరేసరికి సంచిలోని పలక, గిన్నె నేల మీద ఉన్నాయి. రూతు ఆ ఎర్ర సంచిలో ఎల్సీ గౌన్లు కుక్కుతోంది.

"రూతూ, ఏంది బిడ్డా ఇది?"

"మేడిపల్లికి పంపుతున్న. మా అమ్మకాడ ఉంటది. ఆమె కట్టెయ్యదు."

"నేను అబద్ధం చెప్పలేకపోయిన."

"ఓహో! సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివి! మొన్న రేషనుకార్డు ఆయన వస్తే ఇంట్ల అయిదుగురమని చెప్పింది ఎవలు? అప్పుడు నీ నోటికి అడ్డం రాలేదా సత్యం?" రూతు ఇంకో గౌను కుక్కింది. "నీకు అబద్ధమంటే భయం లేదత్తమ్మా. పొల్ల గడప దాటుతదని భయం. దాన్ని నీ మంచం కోడుకు కట్టేసుకొని ఉంచుకోవాలె, గదే నీకు కావాలె. అందుకే చెప్పినవ్."

"రూతూ!" అని పౌలు కసిరాడు.

"ఉన్నమాట అంటే కసురుతవెందుకు? అడుగు మీ అమ్మను. ఆ తేదీ చెప్పేటప్పుడు లోపల సంతోషపడిందా లేదా అడుగు."

కోడలన్నది నిజం. వరండాలో బల్ల ముందు, 'ఎనబై అయిదు' అన్న క్షణంలో, పోనీలే ఇంకో ఏడాది పిల్ల ఇంట్లోనే ఉంటుందని దానమ్మ లోపల లోపల కుదుటపడింది. నిజం చెప్పానని తనని తాను మెచ్చుకుంది కూడా.

రూతు సంచి మూతి బిగించి, ఎల్సీ చెయ్యి పట్టుకుంది. సంచి తనే మోస్తానని ఎల్సీ మారాం చేసింది. రూతు విసుగ్గా దాని భుజాలకి తగిలించింది. పిల్లకంటే సంచే పెద్దది. అడుగు వేస్తే వెనక పిక్కలకి కొట్టుకుంటోంది. అయినా ఎల్సీ వాకిలి దగ్గర వెనక్కి తిరిగి, "నానమ్మా, నేను పోతున్న!" అని నవ్వుతూ చెయ్యి ఊపింది.

దానమ్మ మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో ఆ సంచిని పట్టేసుకుంది.

"వద్దు బిడ్డా, గట్ల చెయ్యి ఊపకు. అది గూడ గట్లనే ఊపింది."

"ఎవలు?" అంది రూతు.

"నా సువార్త."

పౌలు ముందుకు వచ్చాడు. తనకంటే ముందు ఒక అక్క పుట్టిందనీ, ఆరేళ్లకి మిషను బోర్డింగులో జ్వరమొచ్చి చనిపోయిందనీ అతనికి తెలుసు. తండ్రి నర్సయ్య బతికున్నప్పుడు కూడా ఇంట్లో ఆ పేరు ఎత్తేవారు కాదు.

"అక్క సంగతి ఇప్పుడెందుకమ్మా?"

"ఆరేండ్లు కావురా దానికి," అంది దానమ్మ. "నాలుగు. పంపిననాడు నాలుగేండ్లు నిండి నెల గూడ కాలే."

ఎల్సీ తల్లి మొహం చూసింది.

"బోర్డింగుల ఆరేండ్లయితెనే తీసుకుంటరు. నేను బడికి పోలేదాయె, నా బిడ్డ దొరసానుల లెక్క చదవాలని నాకు ఒకటే యావ. మీ నాయిన వద్దన్నడు. ఇంకో రెండేండ్లు ఆగుదమన్నడు. నేను ఆగలే. పాదిరిగారి పుస్తకం మీద ఇదే చెయ్యి పెట్టి ఆరేండ్లని చెప్పిన. ఆయన రాసిండు." దానమ్మ తన అరచెయ్యి చూసుకుంది. "నీలం గుడ్డ సంచి కుట్టిన. రెండు గౌన్లు, ఒక దువ్వెన, ఇంత బెల్లం ముక్క. బండెక్కి నవ్వుకుంట చెయ్యి ఊపింది. ఆరేండ్ల పిల్లలకు నీళ్లు మోసే వంతు ఉంటదంట. వానకాలం. తడుసుకుంట మోసింది. నాలుగేండ్లదని ఎవలకు తెలుసు? నేనే చెప్పకపోతి."

"అత్తమ్మా..."

"ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. చదవొస్తది కదా, ఎవలకూ ఇయ్యకుండ నేనే ఇప్పిన. 'ఆరు సంవత్సరముల సువార్త' అని రాసిన్రు. మేము పోయేటాళ్లకు మట్టి చేసిన్రు. మీద చెక్క పాతి దాని మీద గూడ ఆరేండ్లనే రాసిన్రు. నాకు చదవొస్తది. చదివిన. చదివి తప్పని చెప్పక ఊకున్న. చెప్తే మీ నాయిన నన్ను చంపుతడని భయం. ఆయనకు చదువు రాదాయె, చిన్నపిల్లలను గూడ తీసుకుంటరని నేనే సర్దిచెప్పిన. ఆయన పోయేదాక నా మొకం దిక్కు సరిగ్గ సూడలే."

రూతు నెమ్మదిగా నేల మీద కూర్చుంది. ఎల్సీ భుజాల నించి సంచి తీసింది.

"ఈ మాట మొన్న నేను అడిగినప్పుడే చెప్పొచ్చు కదా అత్తమ్మా," అంది. "నేను అడిగేదాన్నా?"

"ఎట్ల చెప్పాలె? ముప్పై ఏడేండ్లు చెప్పలే. నువ్వన్నది నిజమే బిడ్డా. అబద్ధమంటే నాకు భయం లేకుండె. దాన్ని పొమ్మన్న తప్పుకు దీన్ని కట్టేసిన." దానమ్మ మనవరాలి కుడికాలు ఒళ్లోకి తీసుకుని, ఆ కమిలిన గీత మీద బొటనవేలితో రాసింది. "నొస్తుందా అమ్మా?"

"లేదు," అంది ఎల్సీ. "నానమ్మా, బెల్లం ఏది?"

రూతుకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పౌలు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "అక్క నాకంటె ఎంత పెద్దదో అని ఎన్నోసార్లు లెక్కేసుకున్న అమ్మా," అన్నాడు. "ఆ లెక్క గూడ తప్పేనా?"

ఆ రోజు ఎవరూ మేడిపల్లి వెళ్లలేదు. కాన్వెంటు సీటు మరొకరికి పోయింది. రూతు ఆ మాట మళ్లీ ఎత్తలేదు గానీ, ఆ వారమంతా కంపెనీ నించి వచ్చాక ఆ ఎర్ర సంచిని చూసి నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు విన్నప్పుడల్లా దానమ్మ పనేమీ లేకపోయినా లేచి వంటింట్లోకి వెళ్లేది.

రైల్వేలో పనిచేసే దామోదర్ భార్య సూర్యకళ, రెండు వీధుల అవతల, తన ఇంటి వరండాలో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాటలూ అక్షరాలూ చెప్పేది. వయసు అడిగేది కాదు. పది నించి పన్నెండున్నర దాకా. ఆ మాట తెచ్చింది దానమ్మే.

"అక్కడ ఏడిస్తే నాకు ఇనబడతది," అంది కోడలితో. తర్వాత మాట మార్చుకుంది. "ఇనబడకపోయినా ఫికర్ లేదు."

"నువ్వు తోలుకపోతవా?" అంది రూతు.

"నేనే తోలుకపోత."

సోమవారం పొద్దున్న రూతు పనికి వెళ్లే ముందు మళ్లీ సంచి సర్దింది. ఈసారి దానమ్మ చిన్న బెల్లం ముక్క కాగితంలో చుట్టి తెచ్చింది. చెయ్యి ఒక క్షణం ఆగింది. తర్వాత సంచిలో పెట్టింది. మంచం కోడుకున్న చీర పీలికని విప్పి, తడిపి, దానితోనే గచ్చు తుడిచింది.

వరండా మెట్ల దగ్గర ఎల్సీ చెయ్యి వదిలించుకుని లోపలికి పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. దానమ్మ ఎదురింటి అరుగు మీద కూర్చోబోయింది.

"ఇంటికి పోండి పెద్దమ్మా," అంది సూర్యకళ. "మీరు కనబడుతుంటే అది కుదురుగా కూచోదు."

దానమ్మ ఇంటికి వచ్చింది. అన్నం వండింది. గడియారం చూసింది. మళ్లీ చూసింది. చాన్నాళ్లకి ఆ ఇంట్లో స్నానానికి వెళ్తూ ఎవరినీ కట్టెయ్యనక్కర్లేకపోయింది. చెంబు చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడిపోయింది.

పన్నెండున్నరకి వెళ్లి ఎల్సీని తీసుకొచ్చింది. పిల్ల చేతులనిండా సుద్దముక్కల దుమ్ము, మూతికి బెల్లం.

తర్వాతి ఆదివారం దానమ్మ అయ్యగారి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. బోర్డింగు ఉన్న ఊరి చర్చికి ఒక ఉత్తరం రాస్తే, పాత పుస్తకంలో ఒక వయసు దిద్దుతారా అని అడిగింది. అంత పాత పుస్తకం ఇప్పుడు ఉందో లేదో తెలియదని ఆయన అన్నారు. అయినా కాగితం ఇచ్చారు. దానమ్మ తన చేత్తోనే రాసింది. జవాబు రాలేదు.

ఆమె రాసింది ఇంతే:

సువార్త, తండ్రి నర్సయ్య, తల్లి దానమ్మ. 1951 జూన్ 18న బోర్డింగుకు వెళ్లింది. ఆగస్టు 9న చనిపోయింది. అప్పటికి దాని వయసు నాలుగు సంవత్సరముల రెండు నెలలు. ఇంటికి తిరిగి రాలేదు.