ఆపరేషన్ పాత డబ్బా

పొద్దున పదీ పదికి సూర్యాపేట బస్టాండు వెనక సందులోని ఒక రిపేరు షాపులో డాట్ మేట్రిక్స్ ప్రింటర్ తనంతట తానే అరవడం మొదలుపెట్టింది. కర్ర్... కర్ర్... కర్ర్! ధన్‌సింగ్ సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, కాగితం చింపి చదివాడు.

"దొడ్డు వడ్లు తడిసినయ్. వెంటనే ఆరబెట్టు."

సందులో జనానికి అతను పాత కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ప్రభుత్వంలో ఎవరూ పైకి పేరెత్తని ఒక విభాగానికి మాత్రం ఏజెంట్ ట్వంటీ ఎయిట్. ఈ కోడ్‌కి అర్థం ఒక్కటే. మనుషుల ప్రాణాలు పోబోతున్నాయి.

గోడకి మేకుకు గుచ్చిన ఇంకో కాగితం కూడా ఆ విభాగం పంపిందే. 'కాలం చెల్లిన సామగ్రిని నెలాఖరులోగా స్క్రాప్‌కు అప్పగించవలెను.' దాని మీద ధన్‌సింగ్ ఎర్ర పెన్నుతో అడ్డంగా 'ఇయ్య' అని రాసిపెట్టాడు.

ల్యాండ్‌లైన్ మోగింది. హైదరాబాద్ నుంచి చీఫ్ భాస్కర్.

"సెల్‌ఫోన్లన్నీ వాళ్ళు వింటున్నారు, అందుకే ఈ లైన్. నల్ల తేలు ముఠా గుర్తుందా?"

"ఎట్ల మర్సిపోత సార్? చెప్పుండ్రి."

"పాత కంప్యూటర్ ఇవ్వండి, కొత్త మిషన్ పట్టుకెళ్ళండి అని మిర్యాలగూడలో మేళా పెట్టారు. అలా ఆండాళమ్మ రైస్ మిల్లు బాయిలర్‌కి వాళ్ళ కంట్రోలర్ బిగించారు. ఇవాళ మధ్యాహ్నం నుంచి అది సేఫ్టీ వాల్వ్‌ని తెరుచుకోనివ్వదు. సాయంత్రం నాలుగింటికి బాయిలర్ పేలుతుంది. రేపటి నుంచి మిగతా మిల్లులన్నీ వాళ్ళు చెప్పినట్టు ఆడాలి."

ఆండాళమ్మ మిల్లులో అరవై మంది పనిచేస్తారు. అందులో ఒకతె అతని చెల్లెలు భూలి.

"కరెంటు తీసేస్తే?"

"వాల్వ్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. మనుషుల్ని బయటికి పంపితే బాయిలర్ షెడ్డులో కెమెరా చూస్తుంది. వాళ్ళు అప్పుడే బటన్ నొక్కేస్తారు. ముఠాలో ప్రోగ్రామర్ ఒకడికి మనసు మారి, దాన్ని ఆపే ప్రోగ్రామ్ రాశాడు. తెల్లారేసరికి కోదాడలో అతన్ని కాల్చేశారు. చచ్చేముందు దాన్ని బస్టాండు దగ్గర మన యాదయ్య చాయ్ కొట్టులో దాచాడు." చీఫ్ దగ్గాడు. "ఫ్లాపీలో."

"ఫ్లాపీల!"

"మన ల్యాబ్‌లో అది చదివే మిషన్ లేదయ్యా. ఉన్నవన్నీ స్క్రాప్‌కి పంపేశాం."

ధన్‌సింగ్ గోడ మీది కాగితం వైపు చూశాడు.

బల్ల కింద నుంచి సూట్‌కేస్ కంప్యూటర్ తీశాడు. పదకొండు కిలోలు. ఉద్యోగంలో చేరిన ఏడు ఇచ్చారు. ప్రతి దసరాకీ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాడు. పాత బొట్టు తుడవడు, దాని మీదే కొత్తది. ఇరవై ఎనిమిది దసరాల బొట్టు పెచ్చుకట్టి మూత మీద గట్టిగా నిలిచింది. పని మొదలుపెట్టేముందు ఆ బొట్టు తాకి కళ్ళకద్దుకోవడం అతని అలవాటు. అద్దుకున్నాడు. లుంగీ కట్టి, డబ్బాను గోనె సంచిలో వేసి, పాత ఇనుము కొనేవాడి వేషంలో కోదాడ బస్సెక్కాడు.

*

కోదాడ బస్టాండు ముందు తెల్ల కారు ఆగి ఉంది. దానికి ఆనుకుని, చీఫ్ పంపిన ఏజెంట్ హారిక. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, ఆ వైపు చూసిన ప్రతి మోటార్ సైకిలూ కాస్త మెల్లగా పోతోంది. పోయిన నెల స్క్రాప్ లిస్టు రాయడానికి షాపుకి వచ్చింది ఈమే. డబ్బాను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుపోయింది.

"రండి ధన్‌సింగ్ గారూ. మిర్యాలగూడ దాకా డ్రైవింగ్ నాది. ఆ బరువెందుకండీ మోస్తారు, డిక్కీలో పెట్టేయండి."

పెట్టాడు. పెట్టి చాయ్ కొట్టు దగ్గరికి వెళ్ళాడు.

"చక్కెర తక్కువ, నురగ ఎక్కువ, గ్లాసు మాత్రం పాతది."

కొట్టు యాదయ్య తల ఎత్తకుండానే, "పాత గ్లాసులనే చాయ్ రుచి ఉంటది," అన్నాడు. గ్లాసు కింద సాసర్, సాసర్ కింద నల్లటి ఫ్లాపీ. ధన్‌సింగ్ దాన్ని బనీను లోపలి జేబులో దోపుకున్నాడు.

కారు హుజూర్‌నగర్ దాటింది. హారిక సన్నగా పాట పాడుకుంటూ నడిపింది.

*

మిర్యాలగూడ. మూడూ ముప్ఫై అయిదు. మిల్లు నిండా ఉడికిన వడ్ల వాసన. ఓనర్ ఆండాళమ్మ అరవై దాటిన మనిషి, మాట మాత్రం మిల్లు మోతని మించి వినిపిస్తుంది. విషయం చెవిలో చెప్పగానే ఇద్దర్నీ ఆఫీసు గదిలోకి తీసుకుపోయింది.

"ఆ గద్దలు బాయిలర్ కాడికి కొత్త వైరు సుత గుంజలే. నా పాత వైరుకే తగిలించిండ్రు. గోడ మీంచి ఈడిదాకా వచ్చేది అదే."

"అట్లయితే మనకు పండుగే," అని ధన్‌సింగ్ సంచిలోంచి డబ్బా బయటికి తీశాడు. అలవాటుగా బొట్టు మీద బొటనవేలు పెట్టాడు.

వేలు జారింది. చూసుకుంటే ఎర్రగా, జిడ్డుగా, నిగనిగలాడుతోంది. వాసన చూశాడు. స్ట్రాబెర్రీ! తల తిప్పి హారిక పెదాల వైపు చూశాడు. అదే రంగు.

"నా డబ్బా ఏది?"

హారిక నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. "మీరు టీ తాగుతుంటే మార్చేశానండీ. అచ్చం ఇలాంటిదే మేళాలో దొరికింది, లోపల డ్రైవ్ మాత్రం చచ్చిపోయింది. మీదేమో కోదాడ పాత ఇనుప సామాన్ల కొట్టులో ఈపాటికి సుత్తి దెబ్బలు తింటూ ఉంటుంది. ఎందుకండీ ఈ వయసులో ఆ చెత్త మీద అంత మోజు? పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. నేను వెళ్ళిపోతాను."

ధన్‌సింగ్‌కి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. "చెత్త గాదు అది. ఒక్కనాడు నన్ను మోసం చెయ్యలే. నీ లెక్క."

అప్పుడే తలుపు తోసుకుని భూలి లోపలికి వచ్చింది, తేమ చూపించడానికి చేటలో తవుడు పట్టుకుని. లుంగీలో అన్న, అన్న ఛాతీకి గురిపెట్టిన పిస్టల్. భూలి ఆలోచించలేదు. చేటెడు తవుడూ హారిక మొహాన కొట్టింది.

"నా అన్నను సంపుతవే!"

పిస్టల్ పేలింది. గుండు సీలింగ్ ఫ్యాన్‌కి తగిలింది. మిల్లు మోతలో ఆ చప్పుడు గది దాటలేదు. ఇద్దరాడవాళ్ళూ కలిసి హారికను కిందపడేసి, సుతిలి తాడుతో బియ్యం బస్తా మూతి కుట్టినంత గట్టిగా కట్టేశారు. మూడూ నలభై ఆరు.

"చెల్లే, మెల్లగ," అన్నాడు ధన్‌సింగ్ నీరసంగా. "ఫ్లాపీ ఉన్నది, సదివే మిషినే లేదు. అందరం పోతం."

ఆండాళమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఎవడన్నడు లేదని?"

బీరువా పక్కన పాత చీర కప్పిన వస్తువు మీంచి చీర లాగేసింది. పసుపు పచ్చబడిన పెద్ద కంప్యూటర్! నుదుట అరచేతి మందాన కుంకుమ.

"మేళాకు ఇచ్చిన్రని..."

"ఎలుకలు కొరికిన ఖాళీ డబ్బా ఇచ్చిన వాళ్ళకు. దసరాకు బొట్టు పెట్టిన సామాను పరాయోని చేతుల పెడ్తనా? ఏమనుకున్నవ్ నన్ను?"

ధన్‌సింగ్ ఆమె కాళ్ళకి దండం పెట్టబోయి, టైమ్ చూసుకుని మానేశాడు. వైరు బిగించి, స్విచ్ వేశాడు. మిషన్ గురకపెట్టి లేచింది. ఫ్లాపీ తోశాడు. గర్ర్, గర్ర్.

చదవలేను అంది. 'ఎబార్ట్? రీట్రై? ఫెయిల్?'

రీట్రై. మళ్ళీ అదే ప్రశ్న. రీట్రై. మళ్ళీ అదే.

"ఫ్లాపీ సదివే హెడ్డుకు దుమ్ము పట్టింది. స్పిరిట్ ఉన్నదా అమ్మా?"

లేదు. మూడూ యాభై నాలుగు. ధన్‌సింగ్ చూపు హారిక హ్యాండ్‌బ్యాగ్ మీద పడింది. ఫారిన్ సెంటు సీసా. ఆండాళమ్మ దేవుడి పటం దగ్గరి నుంచి దీపపు వత్తులు తెచ్చింది. వత్తిని సెంటులో ముంచి, కవరు ఊడదీసి, హెడ్డుని పసిపిల్ల కన్ను తుడిచినట్టు తుడిచాడు.

"అది పారిస్‌ది!" అని మూలుగు వినిపించింది కింద నుంచి.

మూడూ యాభై తొమ్మిది. కిటికీలోంచి కనబడుతున్న ప్రెజర్ గేజి ముల్లు ఎర్ర గీత దాటింది. భూలి అన్న భుజం పట్టుకుంది.

'ఎబార్ట్? రీట్రై? ఫెయిల్?'

"నా పానం పోయినా ఫెయిల్ అనను," అన్నాడు ధన్‌సింగ్ పళ్ళు నూరుతూ. రీట్రై నొక్కాడు.

గర్ర్... టక్. పచ్చటి అక్షరాలు పరుగెత్తాయి. వాల్వ్ ఓపెన్? అని అడిగింది. ఎస్ కొట్టాడు. నాలుగింటికి ఇంకా రెండు సెకన్లున్నాయి.

మిల్లు కప్పు మీది గొట్టంలోంచి ఆవిరి ఊరంతా వినబడేలా బుస్సుమంది. ముల్లు వణికి వెనక్కి తిరిగింది. బయట హమాలీ ఎవడో, "ఏందిర బై ఇయ్యాల గింత గోల!" అని విసుక్కుని బస్తా ఎత్తుకున్నాడు. భూలి నేల మీద కూలబడి ఏడ్చింది. ఆండాళమ్మ కొంగుతో మిషన్ తుడవబోయి, బొట్టు చెరుగుతుందని ఆగిపోయింది.

*

సాయంత్రం అయిదున్నరకి మిల్లు ల్యాండ్‌లైన్‌కి రెండు ఫోన్లొచ్చాయి. మొదటిది కోదాడ నుంచి యాదయ్య.

"సింగన్నా, మా పక్క ఇనుప సామాన్ల కొట్టోడు నీ డబ్బా తెచ్చి నా కాడ పెట్టిండు. బొట్టు పెట్టిన దాని మీద సుత్తి ఎత్తడానికి చెయ్యి రాలేదంట వానికి."

ధన్‌సింగ్ బొటనవేలికి ఇంకా అంటుకున్న స్ట్రాబెర్రీ ఎరుపుని లుంగీకి గట్టిగా తుడిచేసుకున్నాడు.

రెండోది చీఫ్. "శభాష్! హారిక ఫోన్‌తో ముఠా మొత్తం దొరికింది. నీకు కొత్త ల్యాప్‌టాప్ శాంక్షన్ చేశానయ్యా, ఇక ఆ పాతది ఇచ్చేయ్. పూర్తి రిపోర్టు రేపటికల్లా నా టేబుల్ మీద ఉండాలి."

"రిపోర్టు తప్పకుంట పంపుత సార్," అన్నాడు ధన్‌సింగ్. "ఫ్లాపీల పంపుతున్న. సదివే మిషిన్ మాత్రం మీరే ఎతుక్కోండ్రి."